మా మామగారి చేతి జోళ్ళు

మా మామగారు పోయారన్న మాట నాకు దిగపహండిలో, మా పుట్టింట్లో అందింది. అన్నయ్య కూతురి పెళ్ళికని వెళ్ళాను. పెరట్లో పసుపుకొమ్ములు ఆరబోస్తూ ఉంటే, మా అత్తరు బట్టీలో మంట చూసే ముసలాయన బస్సు దిగి తిన్నగా లోపలికి వచ్చి నిలబడ్డాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. అది చూసేసరికే నాకు సగం అర్థమైపోయింది.

"బాబు ఎల్లిపోనారమ్మా" అన్నాడు.

నా నోట వచ్చిన మొదటి మాట వింటే మీరు నవ్వుతారు. "సేతికేటైనా అయిందేటి?" అని అడిగాను.

"సేతికేటవుద్ది తల్లీ! నిద్దట్లో ఎల్లిపోనారు. సేతులు రెండూ గుండెల మీదెట్టుకుని పడుకున్నట్టే ఉన్నారు" అన్నాడు.

మనిషే పోయాక చేతుల సంగతేమిటని పెళ్ళివారంతా నా మొహం వంక చూశారు. చూస్తే చూశారు. నాకు మాత్రం ఆ మాట వినగానే ఏడుపుతోపాటు గర్వం కూడా ముంచుకొచ్చింది. కుడిచెయ్యి తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పిన మనిషి, రెండు చేతులూ నిక్షేపంగా ఉండగా పోయారు. ఆ చెయ్యి కోసం మా ఇంట్లో ఒకానొక ఏడు జరిగిన గొడవ చెబితే, ఆయన ఎలాంటివారో వేరే చెప్పనక్కర్లేదు.

మాది మొగలి అత్తరు తీసే ఇల్లు. సోనేపూర్ వైపు పోయే దారిలో, పొలాలు అయిపోయి ఇసక మొదలయ్యే చోట మా ఇల్లూ, దాని పక్కనే బట్టీ. అమ్మకాలు చూసుకునే కొట్టు బరంపురంలో ఉంది, అది మా వారి పని. మొగలిరేకులు జడలో తురుముకున్నవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. మొగలిపొద మీద చెయ్యి వేసినవాళ్ళు తక్కువ. ఆకు రెండంచుల వెంటా ముళ్ళే, వెనక నడిమి ఈనె మీదా ముళ్ళే. మూరెడు పువ్వు ఆ ఆకుల మధ్య దాక్కుని ఉంటుంది. తెల్లవారుజామున కోసి, పైనున్న ముళ్ళ ఆకులు ఒలిచి, లోపలి పొత్తిని నలగకుండా రాగి డేగిసాలో వేసి, నీళ్ళు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, ఎండ ఎక్కకముందే కింద మంట పెట్టాలి. ఆవిరి వెదురుగొట్టంలోంచి వెళ్ళి, నీళ్ళ తొట్టిలో పెట్టిన కుండలోని చందన తైలంలో దిగుతుంది. అదే అత్తరు.

మిగతా బట్టీల వాళ్ళు ఆ ఒలిచే పని కూలివాళ్ళకి వదిలేస్తారు. మా మామగారు వదల్లేదు. కోసేది కూలివాళ్ళయినా ఒలిచేది ఆయనే. "నా సెయ్యి తగలని పువ్వు నా బట్టీలో పడదు" అనేవారు. ఈ మాట ఆయన బడాయికి అన్నది కాదు. నలిగిన రేకు వాసన వేరు, నలగని రేకు వాసన వేరు. ఆయన ఒలిస్తే పువ్వు ఒంటి మీద గోటి గీత కూడా కనిపించేది కాదు.

ఆ ముళ్ళ నుంచి కాపాడుకోవడానికి ఆయనకి తోలు తొడుగులు ఒక జత ఉండేవి. ఖల్లికోట స్టేషనులో పరిచయమైన రైలింజనులో బొగ్గు వేసే మనిషి ఒకాయన, తన కూతురి పెళ్ళికి మా మామగారు ఇచ్చిన అత్తరు సీసాకి సంతోషించి, తన చేతులవి తీసి ఇచ్చేశాడట. వాటికి బొగ్గు కంపు, తోలు కంపు. మొగలిపువ్వుకి ఒక గుణం ఉంది. పక్కన ఏ వాసన ఉంటే దాన్ని పట్టేసుకుంటుంది. అందుకని మామగారు ఒక పూలకారు, అంటే పువ్వు దిగే కాలమంతా, వాటిని ముట్టుకోకుండా, డేగిసాలోంచి తీసేసిన ఉడికిన పూలలో కప్పిపెట్టి ఉంచారట. మరుసటి ఏడాదికి గాని తోలు కంపు చావలేదు. ఆ తరువాత వాటిని తొడుక్కుంటే ఆయన చేతికీ పువ్వుకీ మధ్య ఏమీ లేనట్టే ఉండేది.

వాటిని ఇంగ్లీషులో గ్లౌజులంటారని మా వారు చెప్పారు. మా వీధిలో ఎవరికీ ఆ మాటకి నోరు తిరగలేదు. తెలుగువాళ్ళు చేతి జోళ్ళన్నారు, ఒరియావాళ్ళు హాత జోతా అన్నారు. ఏ భాషలో అన్నా చెప్పులే! ఆ పేరు అలా స్థిరపడిపోయింది. ఒకాయన దారిలో ఆపి, "ఏటి బాబూ, సేతుల్తో నడుస్తన్నావేటి?" అని వేళాకోళం చేశాడు. మామగారు ఆ చేతులు అలాగే ఎత్తి చూపించి, "అవునొరే, మా ఇల్లు నడిసేది ఈ సేతుల్తోనే" అన్నారు.

ఆయన నవ్వుతో సరిపెట్టుకున్నారు గాని, మా అత్తగారు ఆ పేరుని పట్టుకున్నారు. ఆవిడ మడి చాలా గట్టిది. "జోళ్ళయితే గడప బయటే ఉండాల. సేతివైనా, కాలివైనా" అన్నారు. మామగారు ఎదురు చెప్పలేదు. ఇంటి విషయాల్లో ఆయన అత్తగారికి ఎదురు చెప్పగా నేను చూడలేదు. అంతటి చేతి జోళ్ళు అరుగు మీద, కాళ్ళ చెప్పుల పక్కన, ఏళ్ళ తరబడి అలా పడి ఉన్నాయి.

ఇక నా సంగతి. మా నాన్నది పచారీ కొట్టు. ఇంగువలో పిండి ఎంత కలిసిందో, నెయ్యి ఎప్పుడు కాచినదో వాసన చూసి చెప్పేదాన్ని. కాపురానికి వచ్చిన కొత్తలో వంటింట్లో కూరలు తరుగుతూ, "ఈరోజు డేగిసాలో నిన్నటి పువ్వు పడినట్టుందండీ" అన్నాను అత్తగారితో. ఆ మాట మామగారి చెవిన పడింది. వెళ్ళి విచారిస్తే నిజమే, ఎవరో నిన్నటి బుట్ట కలిపేశారు. ఆ సాయంత్రం ఆయన నన్ను బట్టీకి పిలిచి వరసగా సీసాలు పెట్టి వాసన చూడమన్నారు. ఒకటి బాగులేదని చెప్పడానికి నేను నసుగుతూ ఉంటే, "ముక్కుకి మొగమాటం ఉండకూడదమ్మా. నాను బాధపడతానని మంచిదంటే, ఆ ముక్కు మనకెందుకు?" అన్నారు.

అప్పటి నుంచి నా మాట లేకుండా సీసా బయటికి వెళ్ళేది కాదు. ఉత్తరాది నుంచి అత్తరు కొనే వ్యాపారి వచ్చినప్పుడు నన్ను ముందుగదిలోకి పిలిచారు. పరాయి మగవాడి ఎదుటికి కోడలిని పిలవడమేమిటని అత్తగారు తలుపు వెనక గాజులు గలగల్లాడించారు. ఆయన అవి వినబడనట్టు ఊరుకుని, "బట్టీ నాది. ముక్కు మా కోడలిది. ఆయమ్మ ఔనంటేనే ఔను" అన్నారు వ్యాపారితో. నా పెళ్ళినాడు కూడా నా తల అంత ఎత్తున లేదు.

గొడవ జరిగిన ఏడాదికి ముందటి ఏడు, జోడు కుట్టు సందులోంచి ముల్లు ఒకటి దిగి ఆయన కుడి అరచెయ్యి కుండలా వాచింది. చీము పట్టింది. బరంపురంలో డాక్టరు కోసి కట్టుకట్టి, ఇంకోసారి ఇలా అయితే చెయ్యి తీసేయాల్సి వస్తుందని తేల్చి చెప్పాడు. "ఎడందైతే ఆలోసిద్దును గాని, కుడిది ఇవ్వనండి" అన్నారట మామగారు. ఇంటికి వచ్చి మాకు ఆ మాట నవ్వుతూ చెప్పారు. మేమెవ్వరం నవ్వలేదు.

మరుసటి ఏడు, పువ్వు రేపో మాపో దిగుతుందనగా, అరుగు మీద చెప్పుల పక్కనున్న కుడి జోడుని వీధికుక్క లాక్కుపోయింది. దొరికింది గాని, అరచెయ్యి భాగమంతా నమిలేసింది. వేళ్ళు మిగిలాయి, వెనక భాగం మిగిలింది. పువ్వు ఆనేదీ ముల్లు దిగేదీ ఆ నడిమి భాగంలోనే, అదే పోయింది. వీటికి ఆ దిక్కుమాలిన పేరు పెట్టి ఉండకపోతే అరుగు మీద ఉండేవా, కుక్క పాలయ్యేవా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట వంటింట్లో అత్తగారి గిన్నెల చప్పుడు ఎక్కువగా వినిపించింది.

మా వారు బరంపురం వెళ్ళి కొత్త జత తెచ్చేశారు. గట్టి తోలు, రెండు వరసల కుట్టు. "పాతవి పారేద్దాం నాన్నా. ఎన్నాళ్ళని అతుకులేస్తాం? సేతికన్నా ఎక్కువేటి?" అన్నారు.

మామగారు వాటిని తొడుక్కుని, ముందుగా దిగిన పువ్వు ఒకటి ఒలిచి, నాకు అందించారు. "సూడు తల్లీ" అన్నారు.

మొగలి వాసన వెనకాలే తంగేడు చెక్క కంపు, దాని వెనక సున్నం. పచ్చి తోలుని పదును చేసిన వాసన. ఒక పువ్వుకే ఇంత పట్టిందంటే డేగిసా నిండా ఎంత పడుతుంది? వ్యాపారి ఆ ఏడు సరుకు తీసుకునేదీ మానేదీ మొదటి డేగిసా చూసే చెబుతాడు. కాదంటే బట్టీ చల్లారిపోయినట్టే. కాని ఎదురుగా మామగారి అరచేతిలో డాక్టరు కోసిన మచ్చ కనిపిస్తోంది. బాగుందని ఒక్క అబద్ధం చెబితే ఆ చెయ్యి దక్కుతుంది. మా వారు ఆ మాటే చెప్పమన్నట్టు నావైపు చూస్తున్నారు.

"తోలు కంపు కొడుతోంది మావయ్యా" అన్నాను.

మామగారి మొహం వెలిగిపోయింది. సరుకు పోయేటట్టు ఉన్నా, చెయ్యి పోయేటట్టు ఉన్నా ఆ మనిషికి పట్టలేదు. కొడుకు వైపు తిరిగి, "సూసినావేటి మీ ఆవిడ ముక్కు!" అన్నారు.

"ముక్కు బాగుంటే సెయ్యి మిగుల్తాదేటి?" అని మా వారు విసురుగా బయటికి వెళ్ళిపోయారు.

పాతదానికి అతుకు వేయిద్దామని చెప్పులు కుట్టేవాణ్ణి పిలిపించాం. వేస్తానన్నాడు, కాని అతని దగ్గరున్నదీ కొత్త తోలే, అదే కంపు. గోనెపట్టా చుట్టి చూస్తే జనపనార నూనె వాసన. మడతలు పెట్టిన దుప్పటిలోంచి ముల్లు దర్జాగా దిగింది. చివరికి మామగారు, "ఒట్టి సేతుల్తో ఒలుస్తాను. నా అరసెయ్యికి ఆ ముళ్ళు కొత్తవి కావు" అన్నారు. అన్నారంటే చేసేస్తారు. అదే నా భయం.

నేను ఇంట్లో ఉన్న తోలు వస్తువులన్నీ వెతికి వాసన చూడడం మొదలుపెట్టాను. మా వారి పెట్టె పిడి, మంగలి కత్తి నూరే పట్టీ, భజన వాళ్ళు మా ఇంట్లో దాచిన మద్దెల. నేను మద్దెలకి ముక్కు ఆనించి కూర్చుని ఉండగా పొరుగావిడ వచ్చి, నాకు మతి పోయిందనుకుని వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. అన్నిటికీ ఏదో ఒక వాసన. ఆ సాయంత్రం దేవుడి గదిలో దీపం పెట్టడానికి వెళ్ళినప్పుడు, గూట్లో ఉన్న సిద్దె నుంచి మొగలి వాసన వచ్చింది. మొగలి తప్ప మరేమీ లేదు.

అత్తరుని సీసాలో పోసే ముందు కొన్నాళ్ళు సిద్దె అనే తోలు బుడ్డిలో ఉంచుతారు. అందులో ఉన్న తడి తోలులోంచి మెల్లగా ఆరిపోయి అత్తరు చిక్కబడుతుంది. దేవుడి గదిలోది మా మామగారి తల్లి నాటిది, ఆవిడ పోయేముందు మా అత్తగారి చేతికి ఇచ్చిన సిద్దె. అత్తగారు ప్రతి శనివారం అందులోంచి ఒక చుక్క తీసి దేవుడికి అద్దుతారు. జోళ్ళ తోలు గడప దాటకూడదనే ఇంట్లో తోలు దేవుడి పక్కనే కూర్చుని ఉంది, దాని పేరు సిద్దె కాబట్టి!

పరుగున వెళ్ళి మామగారికి చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని కొడవలికి పదును పెడుతున్నారు.

"నాకు నిన్ననే తట్టింది" అన్నారు.

"మరి అడగలేదేం మావయ్యా?"

"ఏటని అడగను? అది మీ అత్తది. నీ దేవుడి గదిలోది తెచ్చి నా జోళ్ళకి కుట్టుకుంటానని ఏ మొకం ఎట్టుకుని అడగను? నానడిగితే ఇత్తాది. అందుకే అడగను. నువ్వూ అడక్కు."

నాకు కోపం వచ్చింది. చెయ్యి పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డ మనిషి, పెళ్ళాన్ని ఇబ్బంది పెట్టడానికి సిద్ధంగా లేరు. ఇలాంటి మగవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. అందుకే ఆ కోపంలోనే ఆయన నా మామగారైనందుకు పొంగిపోయాను. నేను మాత్రం అడగనని ఆయనకి మాటివ్వలేదు. ఎలా అడగాలా అని రాత్రంతా మాటలు కూర్చుకున్నాను.

అవి వాడే అవసరం రాలేదు. అరుగుకీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. పొద్దున్నే అత్తగారు స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, సిద్దె చేత్తో పట్టుకుని గడప దాకా వచ్చారు. అందులో అత్తరు అప్పటికే గాజుసీసాలోకి వంపేశారు.

"జోళ్ళకైతే దీన్నివ్వను" అన్నారు.

మామగారు తల వంచుకుని, "నానడగనేదు" అన్నారు.

"అడగనేదనే నాకు కోపం. ఇన్నేళ్ళు కాపురం సేసి, నీ సెయ్యి కన్నా నాకిది ఎక్కువని అనుకున్నావేటి?" ఆవిడ సిద్దెని కొంగుతో ఒకసారి తుడిచారు. "ఈ తోలు పడ్డాక అది జోడు కాదు, సిద్దే. సిద్దె ఉండాల్సింది గూట్లో. ఈ రోజు నుంచి ఈ ఇంట్లో దాన్ని ఎవులైనా జోడన్నారంటే నాను ఊరుకోను."

మామగారు ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నారు. సిద్దె అందుకోవడానికి రెండు చేతులూ చాచారు.

చెప్పులు కుట్టేవాడు అరుగు మీద కూర్చుని సిద్దెని కుట్టు వెంట విప్పి, అరచెయ్యి మేరకి కత్తిరించాడు. అతని మైనపు దారం వాసన చూసి నేను వద్దన్నాను. మొగలి ఊడల నార తీసి, పేని, దాంతో కుట్టమన్నాను. "ఈ ఇంట్లో తోలుతో పడొచ్చు గాని ఈయమ్మ ముక్కుతో పడనేను" అని గొణిగాడు. మామగారు పకపకా నవ్వారు. మర్నాడు ఆయన మొదటి పువ్వు ఒలిచి నాకు అందిస్తే, పువ్వు వాసన తప్ప అందులో ఏమీ లేదు. ఆ ఏడు వ్యాపారి మూత తీసి, వాసన చూసి, తల ఊపి డబ్బాలు ఎక్కించుకున్నాడు.

అప్పటి నుంచి అవి మా ఇంట్లో చేతి సిద్దెలే. నార తెగితే మళ్ళీ నారతోనే కుట్టాం. మా వారు తెచ్చిన కొత్త జత కూడా వృథా పోలేదు, ఉడికిన పూలలో నానీ నానీ దానికీ బుద్ధి వచ్చింది, ఇప్పుడు కూలివాళ్ళు వాడుతున్నారు. మామగారి అరచేతిలో మళ్ళీ ముల్లు దిగలేదు.

ఆయన అలవాట్లు ఎన్నని చెప్పను? అత్తరు తీసే మనిషి ఏనాడూ ఒంటికి అత్తరు పూసుకోలేదు. పూలకారులో తాంబూలం మానేసేవారు. మన జిల్లా మద్రాసులోనే ఉంటుందా, ఒరియా వాళ్ళతో కలుస్తుందా అని బరంపురంలో సభలు జరిగినప్పుడు ఎవరో వచ్చి ఆయన అభిప్రాయం అడిగారు. "మా మొగలిముల్లు ఎవుల్నైనా ఒకలాగే గుచ్చుద్ది బాబూ" అని పని చూసుకున్నారు. నన్ను ఎవరికి పరిచయం చేసినా ఫలానావారి అమ్మాయి అనో, మావాడి భార్య అనో అనలేదు. "మా బట్టీకి ముక్కు" అనేవారు.

ఆయన కర్మలన్నీ అయ్యాక పువ్వు దిగింది. మొదటి రోజు తెల్లవారుజామున మా వారు లేచి, తల్లి చేతుల మీదుగా ఆ సిద్దెలు అందుకుని తొడుక్కున్నారు. కొట్టులో కూర్చునే మనిషి, ఆ పని చిన్నప్పుడు చూడడమే గాని చేసింది లేదు. మెల్లగా, ఒక్కొక్కటీ ఒలిచారు. డేగిసా నిండింది. మట్టి మెత్తారు. ముసలాయన పొయ్యి ముందు కొరివి పట్టుకుని కూర్చున్నాడు గాని నిప్పు పెట్టలేదు. మా వారు అందరి ఎదుటా నా దగ్గరకి వచ్చి రెండు చేతులూ చాచారు.

నేను వంగి వాసన చూశాను. ఏమీ తెలియలేదు. రోజుల తరబడి ఏడ్చి ఏడ్చి నా ముక్కు పూర్తిగా దిబ్బడేసుకుపోయింది. ఎండ ఎక్కుతోంది. బాగానే ఉంది, పెట్టండి అంటే అయిపోతుంది. ఎవరూ అడగరు, ఆయన కూడా లేరు.

"ఆగండి, నాకు వాసన తెలీడం లేదు" అన్నాను.

ఎవ్వరూ విసుక్కోలేదు. అత్తగారు లోపలి నుంచి చెంబుతో మరిగిన నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టారు. "ఆవిరి పట్టు. వాము ఎయ్యనేదు, నీ ముక్కు పాడవుద్ది" అన్నారు. కొంగు కప్పుకుని ఆవిరి పట్టాను. అక్కడ ఏడవకుండా ఉండడం నా జీవితంలో నేను చేసిన కష్టమైన పని. చాలాసేపటికి ముందు తడి ఇసక వాసన వచ్చింది, తరువాత కొరివి పొగ. అప్పుడు లేచి, మా వారి చేతుల మీద మొహం పెట్టి గట్టిగా పీల్చాను. మొగలి. ఒట్టి మొగలి.

"ఎలిగించండి" అన్నాను.

ముసలాయన వంగి పొయ్యిలో కొరివి పెట్టాడు. మంట అందుకుని ఆ వెలుగుకి డేగిసా అడుగు ఎర్రబడింది, వెదురుగొట్టం వేడెక్కింది, తొట్టిలో నీళ్ళు కదిలాయి. మా వారు మాత్రం ఆ రెండు చేతులూ ఇంకా దించకుండా, ఆనాడు సిద్దె అందుకోబోయిన మామగారిలాగే చాచి నిలబడి ఉన్నారు.